పది తర్వాత పన్నెండు

పోయిన సోమవారం ఢిల్లీ నుంచి ఒక రిజిస్టర్డ్ కవరు వచ్చింది. అడ్రసు నా షాపుది, పేరు ఆయనది. పోస్ట్‌మ్యాన్ సంతకానికి కాగితం చాపితే ఆ పేరే రెండుసార్లు చదివాను. ఆయన పోయి ఏడాది దాటింది. దేశంలో ఏ మూల ఏం జరగబోతుందో ముందే పసిగట్టాల్సిన ఆఫీసుకు, తమ మనిషి ఒకరు ఇబ్రహీంపట్నంలో చనిపోయిన కబురు మాత్రం ఇంకా అందలేదు. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మనిషి లేరని రాయించి కవరు వెనక్కి పంపేశాను. ఆ రోజంతా టైపింగ్‌లో తప్పులు పడుతూనే ఉన్నాయి.

బస్టాండుకు కాస్త ఇవతల నాది డీటీపీ షాపు. జిరాక్సులు, లామినేషన్, అప్లికేషన్లు, లగ్గం పత్రికలు. తెలుగు టైపింగ్ అంటే ఈ చుట్టుపక్కల నా పేరే చెప్తారు. గొప్ప కోసం అనడం లేదు, నిజం గనక అంటున్నాను. ఆయన మొదటిసారి వచ్చిన రోజు ఏం కావాలో చెప్పకముందే నా షాపులో ఉన్న ఒక్క కుర్చీని గోడ వైపు జరిపి, గుమ్మం కనబడేట్టు కూర్చున్నారు. తెల్లటి పొట్టి చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒళ్లో గొడుగు.

"కుర్చీ ఎందుకు జరిపిండ్రు సార్?" అన్నాను.

"ఎవరొస్తున్నరో కనపడాలె గదా."

"వచ్చేది జిరాక్సులకే సార్."

"అవ్, అట్లనే అనుకుంటం," అన్నారు, గుమ్మం మీంచి చూపు తిప్పకుండా.

ఏం పని చేసేవారని అడిగితే సర్కారు నౌకరి అన్నారు. ఏ శాఖ అంటే ఢిల్లీల అన్నారు. అక్కడ చేసే పనేంటంటే "సలహాలు చెప్పుడు" అన్నారు. సలహాలు చెప్పడానికి కూడా జీతమిస్తారా, మా ఇంట్లో మా అత్త పొద్దంతా ఉత్తగనే చెప్తుంది అనుకున్నాను. తర్వాత ఊళ్లోవాళ్లు చెప్తే తెలిసింది. మంత్రుల పక్కన కూర్చుని, దేశానికి ఏ దిక్కు నుంచి ఏ ముప్పు రావచ్చో చెప్పే పెద్ద సలహాదారట. ఈ పక్క పల్లెలోనే వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని ఢిల్లీ పోయి, రిటైరయ్యాక భార్యతో కలిసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు.

నెల తిరక్కుండానే ఆయన నాకు సార్ నుంచి బాపు అయ్యారు. నేను ఆయనకు మొదటి రోజు నుంచే బిడ్డను.

ఆయనతో మాట్లాడ్డం ఒక శిక్ష, ఒక సంబరం. తిన్నగా ఒక్క జవాబు వచ్చేది కాదు. "ఎటు పోతున్నరు బాపూ?" అంటే "ఇటే." "ఏం కూర తిన్నరు?" అంటే "ఆకుకూరల తీరుదే." వాన పడుతుందా అంటే, "పడొచ్చు. గని నాకు ఒక్కతాన్నుంచే సమాచారమున్నది." ఆ ఒక్క తావు వాళ్లావిడ మోకాలి నొప్పి అని తర్వాత తేలింది. నా షాపులో పాడైన ప్రింట్లు ఏవున్నా ఇంటికి పట్టుకుపోయి, సన్నగా చింపి, బకెట్లో నానబెట్టి కరివేపాకు మొదట్లో పోసేవారు. వాటిలో ఉండేది ఎవరిదో కులం సర్టిఫికెట్, ఎవరిదో కరెంటు బిల్లు. అయినా చింపాల్సిందే.

ఏ వార్తనైనా నమ్మడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. "ఇద్దరు చెప్పాలె బిడ్డా. ఆ ఇద్దరికి ఒకరితోటి ఒకరికి మాటలుండొద్దు" అనేవారు. మా బజారులో అలాంటి జతలకు కరువా? నా షాపుకు కుడిపక్క చికెన్ షాపు నర్సింహ, ఎడమపక్క హార్డ్‌వేర్ షాపు యాదగిరి. సొంత అన్నదమ్ములు, గోడ కాడ తగాదా పడి మాటలు బందయ్యాయి. ఒకసారి గట్టి వానలు పడి, చెరువు అలుగు దుంకుతున్నదని ఊరంతా ఒకటే గోల. ఈయన మాత్రం నిదానంగా ముందు నర్సింహను అడిగి, తర్వాత గొడుగు వేసుకుని యాదగిరి దగ్గరికి పోయి, ఇద్దరూ అవునన్నాక బయల్దేరారు. అప్పటికి జనమంతా పోయి చూసి, ఫోటోలు దిగి, మిర్చిబజ్జీలు తిని తిరిగొస్తున్నారు.

"మీరు ఢిల్లీల గూడ ఇట్లనే చేసేదా బాపూ? అందరు పోయొచ్చినంక పోవుడు?" అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "సలహాదారు బతుకే గంత. వాన పడకుంటే గొడుగెందుకు తెచ్చినవంటరు. పడితే ఇంత చిన్న గొడుగేందంటరు," అన్నారు. మళ్లీ తనే, "జరిగినదానికి సాక్ష్యం ఉంటది. జరగకుండ ఆపినదానికి ఏముంటది? నా నౌకరంతా గదే," అన్నారు.

ఇక పుస్తకం సంగతి. ఆయన నా దగ్గరికి వచ్చిందే తన ఉద్యోగం కథ తెలుగులో టైపు చేయించుకోవడానికి. అలాంటి ఉద్యోగం చేసినవాళ్లు పుస్తకం రాస్తే, అచ్చుకు ముందు ఢిల్లీలో ఆ పనికని పెట్టిన ఆఫీసుకు పంపి అనుమతి తీసుకోవాలట. అనుమతి వచ్చేదాకా దేశాల పేర్లు నా చెవిన కూడా పడకూడదని, చెప్పేటప్పుడు మన ఊళ్ల పేర్లు వాడేవారు. ఒక దేశం హయత్‌నగర్, ఇంకోటి తుర్కయాంజాల్, మధ్యలో ఇద్దరికీ సర్దిచెప్పే పెద్దమనిషి దేశం అబ్దుల్లాపూర్‌మెట్. తర్వాత ఇంటికి పోయి అసలు పేర్లు పెన్నుతో రాసుకునేవారు. నేను గంభీరంగా టైపు చేసేదాన్ని: "హయత్‌నగర్ రాయబారి ఆగ్రహంతో లేచి వెళ్ళిపోయెను. తుర్కయాంజాల్ వారి మాటను మేము విశ్వసించలేదు." ఆయన తెలుగు చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న చోటే ఆగిపోయింది మరి.

జిరాక్సుకు వచ్చిన ఒక పెద్దాయన ఇది విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "మాది తుర్కయాంజాలే! మా మాట ఎందుకు నమ్మవయ్యా నువ్వు?" అని మీదికొచ్చాడు. ఈయన లేచి నిలబడి చేతులు జోడించి, "తప్పైంది, మీతోటి సంబంధాలు మంచిగ చేసుకుంటం," అన్నారు. నేను కీబోర్డు మీద తల పెట్టుకుని నవ్వాను.

ఇంగ్లీషులో రాయొచ్చు కదా, పెద్దపెద్దవాళ్లు చదువుతారు అంటే, "పెద్దోళ్లకు ఎరికే. నేను రాసేది ఇంట్ల మనిషికి," అన్నారు. ఆ ఇంట్లో మనిషి, అంటే ఆయన భార్య, నేను అమ్మ అని పిలిచే ఆవిడ, తెలుగు తప్ప చదవదు. ప్రూఫులు ఇవ్వడానికి ఒకసారి వాళ్లింటికి పోతే, సర్వపిండి పెట్టి ఆమే చెప్పింది.

"నలబై ఏండ్ల సంసారం బిడ్డా. ఎటు పోతున్నడో ఎన్నడు చెప్పలే. సూట్‌కేస్‌ల స్వెట్టర్ పెట్టుకుంటే చలిదేశం, పెట్టుకోకుంటే ఉక్కదేశం. నాకు తెలిసిన దేశాలు రెండే."

ఆయన పక్క గదిలోంచి దగ్గారు.

"దగ్గుతడు గని చెప్పడు," అంది ఆమె. తర్వాత గొంతు మారింది. "అన్నీ ఓర్సుకున్న. ఒక్కటి ఓర్సుకోలేకపోయిన. బిడ్డ లగ్గం నాడు గూడ రాలే. కన్నతండ్రి ఉండంగ మా అన్న వదిన పీటల మీద కూసోని కాళ్లు కడిగిండ్రు. నేను పక్కన నిలబడి చూసిన. నాలుగు రోజులకు ఇంటికొచ్చిండు. ఎందుకు రాలేదంటే మాట్లాడడు. వచ్చినోళ్లంతా తలా ఒకటి అన్నరు. బిడ్డ గిప్పటికీ తండ్రితోని మనసిప్పి మాట్లాడదు."

నేను పక్క గది వైపు చూశాను. ఆయన కరివేపాకు చెట్టుకు నీళ్లు పోయడానికి పోయారు. మధ్యాహ్నం ఎండలో చెట్టుకు నీళ్లెవరు పోస్తారు?

ఆ వారమే ఒక మధ్యాహ్నం వచ్చి, షట్టరు సగం దించమన్నారు. "పదకొండో అధ్యాయం" అన్నారు. ఈసారి ఊళ్ల పేర్లు లేవు, బడి తెలుగూ లేదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడారు. బిడ్డ లగ్గం రోజు తను ఎక్కడున్నదీ, ఎవరి కోసం ఉన్నదీ, ఎందుకు కదల్లేకపోయిందీ. ఆ మూడూ మీకు కూడా చెప్పను, మాటిచ్చాను. నాకు మాత్రం స్క్రీను మీద అక్షరాలు అలుక్కుపోయాయి.

"తప్పులు పడుతున్నయ్ బిడ్డా, చూసుకో," అన్నారాయన.

పుస్తకం ఢిల్లీకి పోయింది. జవాబు ఇంటికొస్తే అమ్మ ముందే చూస్తుందని నా షాపు అడ్రసు ఇచ్చారు. అప్పట్నుంచి పోస్ట్‌మ్యాన్ కనబడితే చాలు, కుర్చీలోంచి సగం లేచేవారు. పైకి మాత్రం, "వచ్చినా వస్తది, రాకున్నా రాకపోవచ్చు," అనేవారు. "అనుమతి రాంగనే పదకొండోదే ముందు చదివిస్త," అని ఒకసారి నోరు జారారు. ఆయన అలా నోరు జారడం నేను చూసింది అదొక్కసారే. నాకైతే ఆయనకంటే ఎక్కువ ఆత్రంగా ఉండేది.

నాలుగు నెలలకు లావుపాటి కవరు వచ్చింది. విప్పి చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకుని చూశారు, ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా. నర్సింహ, యాదగిరి ఇద్దరూ తమ తమ గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

జరిగిందేంటంటే, పద్ధతి ప్రకారం ఆ ఆఫీసు పుస్తకం మీద రచయిత పేరు తీసేసింది. భాష తెలిసిన, నమ్మకస్తుడైన రిటైర్డ్ ఆఫీసరు ఒకరికి చూపించి అభిప్రాయం అడగాలి. తెలుగుకు వాళ్ల జాబితాలో ఉన్నది ఒక్క పేరే. ఆ పేరు ఈయనది. ఆయన పుస్తకాన్ని ఆయనకే పంపి, ఇందులో దేశానికి నష్టం చేసేదేమైనా ఉందేమో చూసి చెప్పమన్నారు.

"అయిపాయె! పెట్టుండ్రి సంతకం!" అని నేను ఎగిరి గంతేశాను. నర్సింహ దుకాణం పక్క హోటల్‌కు పోయి జిలేబీ కూడా తెచ్చాను.

జిలేబీ తిన్నారు గానీ సంతకం పెట్టలేదు. ఈ రచయిత నేనే, వేరొకరికి పంపండి అని ఉత్తరం రాశారు. దానికి జవాబొచ్చింది. తెలుగు తెలిసిన సభ్యులు వేరే లేరు గనుక, తమరే పక్షపాతం లేకుండా పరిశీలించగలరని ఆశిస్తున్నామని. దాంతోపాటు ఒక ఫారం. రచయితతో మీకు పరిచయం ఉందా అని ఒక గడి. ఈయన నింపారు: "ఉంది, చిన్నప్పటి నుంచి." రచయిత గురించి మీ అభిప్రాయం అని ఇంకో గడి. "అంత గొప్పదేమీ కాదు."

ఐదు రోజులు నా షాపులో, అదే కుర్చీలో, ఎర్ర పెన్నుతో కూర్చున్నారు. ఎవరో తెలియనివాడి పుస్తకం చదివినట్టే చదివారు. "ఈయన గొప్పలు చెప్పుకుంటున్నడు," అని ఒక పేరా కొట్టేశారు. "ముప్పై ఏండ్లు సలహాలిచ్చిన, మూడుసార్లు విన్నరు, అండ్ల ఒకటి తప్పు" అని తను రాసుకున్న వాక్యం చదివి, "ఇది మాత్రం నిజమే చెప్పిండు" అని మెచ్చుకుని ఉంచారు. ఐదో రోజు పదకొండో అధ్యాయానికి వచ్చారు. రెండుసార్లు చదివారు. తర్వాత పైనుంచి కిందికి ఒకే గీత గీశారు, పేజీ తర్వాత పేజీ.

నేను ఊరుకునే మనిషిని కాను. "ఏం చేస్తున్నరు బాపూ! రాసింది మీరు, చూసేది మీరు, చదివేది అమ్మ. ఇండ్ల ఎవరికేం నష్టం?"

"ఆనాడు నాకు సాయం చేసిన మనిషి ఇంకా బతికున్నడు బిడ్డా. అక్కడ్నే ఉన్నడు. ఆయనకూ ఇల్లున్నది, ఆయనకూ బిడ్డలున్నరు. ఈ పేజీలు ఎవరి కండ్లల్ల పడ్డా ఆయన పని ఖతం."

"మరి రాసుడెందుకు? నా పానం తినుడెందుకు?"

"రాసిననాడు మీ అమ్మకు మొగన్ని. చదివిననాడు ఆఫీసర్ని."

"ఏం ఆఫీసరు! ఇంట్ల ఒక మనిషి ఇన్నేండ్ల సంది కుములుతుంటే!" అని అరిచాను. నిజంగానే అరిచాను, షాపులో గిరాకీ ఉన్నా సరే. ఆయన పెన్ను మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించారు, పడలేదు. నేనే తీసుకుని పెట్టాను. అప్పుడు నా కోపమంతా నీరుగారిపోయింది.

కంప్యూటర్లో ఆ ఫైలు నాతోనే తీయించేశారు. "ఇంకెక్కడన్న ఉన్నదా?" అన్నారు.

"నా తలకాయల ఉన్నది. దాన్నేం చేస్తరు?"

"దాని మీద నాకు నమ్మకమున్నది," అన్నారు. "ఏ దేశం, ఏం పని, ఆ మనిషెవరు. ఈ మూడు నీ నోట్లకెళ్లి రావొద్దు. మాటియ్యి." ఇచ్చాను.

అలా తన అభిప్రాయం మీద తనకే అనుమతి వచ్చి పుస్తకం అచ్చయింది. పది తర్వాత పన్నెండు. ప్రెస్సువాళ్లు ఫోన్ చేసి నంబరు తప్పింది, సరిచేస్తామన్నారు. "తప్పు కాదు, లేనిదాన్ని ఉన్నట్టు ఎట్ల చూపెడతరు?" అన్నారాయన. నర్సింహకొకటి, యాదగిరికొకటి ఇచ్చారు. ఇద్దరూ విడివిడిగా బాగుందన్నాకే తన పుస్తకం బాగుందని నమ్మారు. అమ్మ భూతద్దం పెట్టుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివిందట. పదకొండేదని అడిగితే "అచ్చు కాలే" అన్నారట. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదట.

ఆ వానాకాలమే, ఒక పొద్దున చాయ్ తాగుతూ గుండె ఆగి పోయారు. దవాఖాన దాకా పోవాల్సిన పనే పడలేదు.

నెల దాటాక అమ్మ నా షాపుకు వచ్చింది. చేతిలో పింఛను కాగితాలు, జిరాక్సులు కావాలంది. నేను తీసిచ్చాను. ఆమె పోలేదు. గిరాకీ అంతా పోయేదాకా కూర్చుంది.

"పదకొండోది నువ్వే టైపు కొట్టినవ్ గదా?" అంది.

నేను కీబోర్డు పక్కకు జరిపాను. "అవునమ్మా. గని నన్నడగకు. మాటిచ్చిన."

"ఏడున్నడో నాకొద్దు. ఏం చేసిండో నాకొద్దు. అది సర్కారు ముచ్చట. నాది ఒక్కటే ముచ్చట బిడ్డా. ఆనాడు రాలేకపోయిండా? రాబుద్ధి గాలేదా?"

ఇన్నేళ్లూ ఆమె మోసింది ఈ ఒక్క ప్రశ్ననా అనుకున్నాను. నేను ఇచ్చిన మాట మూడింటికే. ఏ దేశం, ఏం పని, ఎవరు. ఆ మూడూ మనసులో ఒకసారి లెక్కపెట్టుకున్నాను.

"రాలేకపోయిండమ్మా. టికెట్ గూడ తీసుకున్నడు. రాలేకపోయిండు."

ఆమె కదల్లేదు. నేను ఆగలేక ఇంకొకటి చెప్పేశాను. ఆ పేరాలో అక్కడ గడియారం ఎంత కొట్టిందో కూడా ఉంది, చెప్తే ఏ దేశమో తేలిపోతుందని అది మాత్రం మింగేశాను.

"లగ్గం ముహూర్తం టయానికి ఆయన లేచి నిలబడ్డడట. గుప్పెడు బియ్యానికి పసుపు రాసుకోని మనూరు ఎటున్నదో అటు తిరిగి అక్షింతలు చల్లిండట. ఒక్కడే."

అమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "పసుపు యాడ దొరికింది ఆయనకు?" అంది.

"అది చెప్పరాదమ్మా."

ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "సచ్చినోడు, నీగ్గూడ నేర్పిపోయిండు," అంది. తర్వాత నా టేబుల్ మీది ఫోను తన వైపు లాక్కుని, బెంగళూరులో ఉన్న కూతురి నంబరు చెప్పి కలపమంది. అవతల హలో అనగానే, బజారంతా వినబడేంత గట్టిగా చెప్పింది.

"బిడ్డా, నేనే. నీ లగ్గంల మీ నాయిన గూడ అక్షింతలు ఏసిండే!"